కొండను చూసి నీళ్లలో దిగండి

తమిళనాడు తేని జిల్లాలోని మా పెరియకుళంలో ఎండ కాస్తూనే ఉంటుంది. ఊరికి 9 కిలోమీటర్ల దూరంలోని కుంబక్కరై జలపాతం దగ్గర జనం రాళ్ల మీద బట్టలు ఆరేసుకుని, పిల్లలతో సహా నీళ్లలో కూర్చుని ఉంటారు. ఎక్కడా ఒక్క చినుకు పడదు. ఉన్నట్టుండి అటవీశాఖ కాపలావాళ్లు ఈలలు ఊదుతూ అందర్నీ బయటికి రమ్మంటారు. కొత్తగా వచ్చినవాళ్లకు కారణం తెలియదు. ఇంత దూరం వచ్చాం, ఎండ ఉండగానే ఎందుకు పొమ్మంటున్నారని వాదనకు దిగుతారు. అంతలో నీటి రంగు మారుతుంది.

ఇక్కడి మా తెలుగిళ్లలో పెద్దవాళ్లు ఆకాశం చూసి వాన చెప్పరు, పడమటి కొండను చూసి చెబుతారు. "కొండ నల్లబడింది, నీళ్లకాడికి పోవద్దు" అని మా నాన్నమ్మ కేకేస్తే, నడినెత్తిన ఎండ ఉన్నా మేం ఇంట్లోకి వచ్చెయ్యాల్సిందే. చిన్నప్పుడు ఆ మాట చాదస్తంగా తోచేది. ఇప్పుడు మా ఊరి మీదుగా వెళ్లే ప్రతి తెలుగు బస్సునూ ఆపి ఆ మాటే చెప్పాలనిపిస్తుంది.

అది మరీ చెప్పాల్సిన కాలం శరదృతువు. తెలుగువాళ్లం శరదృతువు అనగానే తేటనీళ్లు, పిండారబోసినట్టున్న వెన్నెల తలుచుకుంటాం. తమిళనాట లెక్క వేరు. ఏడాది వానలో సుమారు సగం అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాలే తెస్తాయి. ఐప్పసి, కార్తికై నెలలంటే ఇక్కడ ముసురు నెలలు. నెల్లూరు, చిత్తూరు వాళ్లకు ఈ వాన కొంత అలవాటే. తెలంగాణ నుండో గోదావరి జిల్లాల నుండో వచ్చేవాళ్లు మాత్రం వానాకాలం అయిపోయిందనుకుని గొడుగైనా లేకుండా బయల్దేరుతారు. సరిగ్గా అప్పుడే అయ్యప్ప మాలలు, కార్తిక స్నానాలు, కొడైకెనాల్ విహారాలు అన్నీ కలిసి దిండిగల్ నుండి వత్తలగుండు, పెరియకుళం, తేని, కంబం మీదుగా కుమిళి వెళ్లే ఈ ఒక్క దారిలోకి వచ్చి పడతాయి.

నీళ్ల దగ్గర

కుంబక్కరైకి వచ్చే నీరు పాంబార్ ఏటిది. పుట్టేది పైన కొడైకెనాల్ కొండల్లో. కొడైకెనాల్ సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంటే, జలపాతం కొండ పాదాన ఉంది. మధ్యలో వాలు నిటారుగా దిగుతుంది కాబట్టి పైన కురిసిన వాన నిలిచి ఇంకే తావు లేదు, ఒక్కసారిగా కిందికి వస్తుంది. పైన గంటసేపు గట్టివాన పడిందంటే కింద ఎండలో ఉన్నవాళ్లకు ప్రమాదమే. అందుకే చేయవలసిన మొదటి పని: నీళ్లలో అడుగు పెట్టేముందు తలెత్తి కొండను చూడండి. శిఖరాలు మబ్బులో మునిగి కనబడకపోయినా, అటు ఉరుము వినబడినా ఆ రోజుకు స్నానం మానుకోండి. వాన ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే పడుతుంది గనుక ఏ స్నానమైనా పొద్దున పూటే ముగించుకోవడం మేలు.

నీళ్లలో ఉన్నప్పుడు నాలుగు గుర్తులు కనిపెట్టి ఉండాలి. తేటగా ఉన్న నీరు ఎర్రబడటం, ఆకులూ పుల్లలూ గుంపుగా కొట్టుకురావడం, హోరు పెరగడం, ఇందాక పైకి తేలి ఉన్న రాయి మునగడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా చెప్పులు, ఫోను, బట్టలు వెతుక్కోవద్దు. పిల్లల చేతులు పట్టుకుని దగ్గరి ఒడ్డుకు ఎక్కండి. బండి అవతలి ఒడ్డున ఉందని ఏరు దాటబోవడం ఎంతమాత్రం చేయకూడదు. ఇవతలే చిక్కుకుపోయినా పర్వాలేదు. ఎత్తైన చోట కూర్చుంటే వరద తీసేదాకా ప్రాణాలతో ఉంటారు.

కుంబక్కరైలో ఇంకొక అపాయం ఉంది. నీరు తరతరాలుగా బండను తొలిచి లోతైన గుంటలు చేసింది. పైకి నున్నటి మడుగుల్లా కనిపించే వీటికి ఊరివాళ్లు ఏనుగు, పాము వంటి జంతువుల పేర్లు పెట్టుకున్నారు. ఈత వచ్చినవాళ్లనూ అవి వదలవు. లోపలి గోడలు పాచి పట్టి నున్నగా ఉండటంతో చేతికి పట్టు దొరకదు, నీటి సుడి పైకి రానివ్వదు. కంచె దాటి అటు వెళ్లకండి. బండ అంచున నిలబడి సెల్ఫీ తీసుకోకండి. పైనుంచి దూకడం గురించి ఆలోచనే వద్దు. మద్యం తాగి నీళ్లలో దిగితే పక్కనున్నవాళ్లకు కూడా ముప్పు, కాపాడబోయి మునిగేవాళ్లే ఎక్కువ. ఎవరైనా మునుగుతుంటే మీరు దూకకండి. తువ్వాళ్లు ముడివేసో, పంచె విసిరో, కర్ర అందించో లాగండి, కాపలావాళ్లను కేకేయండి.

కాపలావాళ్లు వేసే కేకలు తమిళంలో ఉంటాయి. ఈ దారిన వచ్చే తెలుగువాళ్లు నాలుగు తమిళ మాటలు నేర్చుకుని రావాలని నా కోరిక. "వెళ్ళం వరుదు" అని ఎవరైనా అరిస్తే వరద వస్తోందని అర్థం. మన చెవికి ఆ 'వెళ్ళం' అనే మాట మేం వెళ్లబోమన్నట్టు వినిపిస్తుంది. అప్పుడు నీళ్ల వైపు నిజంగానే వెళ్లకండి. బోర్డు మీద 'కుళిక్క తడై' అని ఉంటే స్నానం నిషేధం. 'అబాయం' అంటే మన అపాయమే. 'పళ్ళం' అంటే పల్లం, 'కొండై ఊసి వళైవు' అంటే తలలో పెట్టుకునే పిన్ను లాంటి మలుపు. చదవడం రాకపోతే అక్కడున్న టీ కొట్టువాళ్లను అడగండి. ఇక్కడి వడుగపట్టి అనే ఊరి పేరులోనే వడుగులు, అంటే తెలుగువాళ్లు ఉన్నారు. పెరియకుళం చుట్టుపక్కల ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు తరతరాలుగా ఉన్నాయి. మీ తెలుగుకూ మా తెలుగుకూ యాస తేడా తప్ప మాట అందకపోదు.

చుట్టుపక్కలి వరాహ నదికి, సోత్తుప్పారై ఆనకట్టకు, మంజళార్‌కు కూడా కొండను చూసి దిగాలన్న ఇదే న్యాయం. వైగై ఆనకట్ట విషయంలో మాత్రం హెచ్చరికకు ఒక క్రమం ఉంది. నీటిమట్టం 66 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 68.5 దగ్గర రెండోది, 69 అడుగులకు మూడోది. నిండుమట్టం 71. ఈ అంకెలు రోజూ తమిళ పత్రికల్లో, టీవీ వార్తల్లో వస్తాయి. రెండో హెచ్చరిక వచ్చిందని విన్నాక దిగువన మదురై దాకా ఎక్కడా ఏట్లో స్నానానికి గానీ, ఇసుకలో బస్సు నిలిపి వంట చేసుకోవడానికి గానీ దిగకూడదు.

రోడ్డు మీదుగా నీళ్లు పారుతున్న చప్టా ఎదురైతే ఆగిపోండి. పారే నీరు అరడుగు ఉంటే మనిషిని పడదోస్తుంది, ఒక అడుగుంటే చిన్నకారు తేలుతుంది, రెండడుగులుంటే చాలా బండ్లు కొట్టుకుపోతాయి. ముందున్న లారీ దాటిందని మీ కారు దాటదు. పైగా నీటి కింద రోడ్డు ఇంకా ఉందో, కోసుకుపోయిందో పైనుంచి తెలియదు.

ఘాట్ రోడ్డు మీద

పెరియకుళం నుండి కొడైకెనాల్‌కు ఒకప్పుడు కాలిదారే. కొండ కింద కృష్ణమ నాయక్ తోపు అనే చోటుకు ఎద్దుబండ్లలో వచ్చి, అక్కడి నుండి నడిచో కుర్చీ మోయించుకునో ఎక్కేవారు. 1845లో అమెరికన్ మిషనరీలు కొండ మీద ఇళ్లు కట్టుకున్న కాలం అది. పేరు చూస్తే ఆ తోపూ మన తెలుగు నాయక్‌లదే. అప్పట్లో కొండకు పోయేవాళ్లు తెల్లవారకముందే ఎక్కడం మొదలుపెట్టేవాళ్లట. మోటారు వచ్చాక కూడా ఆ పద్ధతి మంచిదే. కొండ ఎక్కాలంటే పొద్దున ఎక్కండి, మధ్యాహ్నం వాన, మంచు కమ్మకముందే పైకి చేరుకోండి.

ఇప్పుడు దారులు రెండు. వత్తలగుండు మీదుగా వెళ్లేది వెడల్పైన పాత ఘాట్ రోడ్డు. కుంబక్కరై, అడుక్కం మీదుగా ఎక్కేది సన్నని దారి. ఫోనులోని మ్యాపు దగ్గరి దారి అని రెండోది చూపిస్తుంది. కార్తిక మాసపు వానల్లో ఆ సలహా వినవద్దు. అడుక్కం దారిలో మట్టిచరియలు పడటం, చెట్లు కూలడం తరచూ జరుగుతుంది. ఎదురుగా బండి వస్తే తప్పుకోవడానికి చోటుండదు, చిక్కుకుంటే వెనక్కి తిప్పుకునే వీలూ తక్కువే. వాన నెలల్లో పెద్దరోడ్డే నమ్ముకోండి. 2024 మే 7 నుండి కొడైకెనాల్ వెళ్లే బండ్లకు ఇ-పాస్ ఉండాలి, అది ఇంట్లోనే తీసుకుంటే చెక్‌పోస్టు దగ్గర వానలో నిలబడే పని తప్పుతుంది.

తుపాను వార్త విన్నప్పుడు సముద్రం మనకు దూరంలే అనుకోకండి. 2018 నవంబర్ 16న గజ తుపాను నాగపట్టణం, వేదారణ్యం మధ్య తీరం దాటింది. అదే రోజు దిండిగల్ మీదుగా కేరళ వైపు సాగుతూ కొడైకెనాల్ కొండల్లో చెట్లు పడగొట్టింది, దారులు మూసేసింది. తీరానికి తుపాను హెచ్చరిక ఉంటే కొండ ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకోవాలి. వాతావరణ శాఖ రంగుల్లో నారింజ వచ్చిందంటే కొండ మానుకోండి, ఎరుపు వస్తే ఉన్నచోటు నుండి కదలకండి.

మంచులో చాలామంది చేసే తప్పు పెద్ద లైట్లు వేయడం. ఆ వెలుగు మంచు మీద పడి తిరిగి మన కళ్లలోకే వస్తుంది. డిమ్ లైటు వేయండి, తెల్లగీతను పట్టుకుని మెల్లగా పోండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో ఆ గేరులోనే దిగాలి. న్యూట్రల్ చేసి బ్రేకు మీదే ఆధారపడితే కొంత దూరం పోయాక బ్రేకులు వేడెక్కి పట్టవు. ఎక్కివచ్చే బండికి దారి ఇవ్వండి. మలుపులో ఆపి ఫొటోలు వద్దు. కోసిన కొండగోడ కింద, ముఖ్యంగా చిన్న చిన్న రాళ్లు దొర్లుతూ, గోడ నుండి బురదనీరు కారుతున్న చోట బండి నిలపకూడదు. పెద్దచరియ రాబోయేముందు ఆ చిన్నరాళ్లే వస్తాయి.

స్వాములకు

మా ఊరి రోడ్డు మీద నవంబర్ మధ్య నుండి జనవరి మధ్యన మకరజ్యోతి దాకా తెలుగు నంబరు ప్లేట్లకు లెక్కుండదు. బస్సు ముందు బంతిపూల దండ, అరటి బోదెలు, లోపల శరణుఘోష. ఆ బస్సులు చూస్తే మనసు నిండుతుంది. వాటిలో చాలా వరకు రాత్రి పూటే పోతుంటాయి, అది చూస్తే గుండె జారుతుంది.

2022 డిసెంబర్ 23 రాత్రి శబరిమల నుండి తిరిగివస్తున్న మా తేని జిల్లా భక్తుల వాహనం కుమిళి ఘాట్‌లో లోయలో పడింది. 8 మంది పోయారు. దారి ఎరిగిన ఊరివాళ్లు, ఇల్లు చేరడానికి కొద్ది దూరమే మిగిలి ఉంది. తిరుగు ప్రయాణంలోనే జాగ్రత్త ఎక్కువ కావాలి. దర్శనం అయింది, ఒళ్లు అలిసింది, ఇంటికి వెళ్లి మాల తీయాలన్న తొందర. డ్రైవరుస్వామి కూడా కొండ ఎక్కి దిగినవాడే, ఆయనకూ నిద్ర కావాలి. గురుస్వాములకు నా మనవి ఇది: బయల్దేరకముందే రెండో డ్రైవరును మాట్లాడుకోండి. రాత్రి 10 నుండి తెల్లవారి 5 దాకా ఘాట్ ఎక్కకండి, దిగకండి. కంబంలోనో తేనిలోనో ఆగి పడుకోండి. టీ తాగించి, భజన చేసి డ్రైవరును మేల్కొలిపి ఉంచవచ్చనుకోవద్దు, నిద్రకు ఒక్క క్షణం రెప్ప వాలినా ప్రమాదానికి చాలు. రద్దీ రోజుల్లో పోలీసులు ఎక్కే బండ్లను కంబమెట్టు వైపు, దిగే బండ్లను కుమిళి వైపు మళ్లిస్తారు. చుట్టు తిరుగుడని గొడవపడకుండా ఆ దారినే పోండి.

నల్లబట్టలు దీక్షకు గుర్తు. చీకట్లో వాన పడుతుండగా రోడ్డు పక్కన నడిచే నల్లబట్టల మనిషి లారీ డ్రైవరుకు దగ్గరికి వచ్చేదాకా కనబడడు. మూత్రానికి దిగినా, టీ కొట్టుకు నడిచినా చేతిలో టార్చి వెలిగి ఉండాలి. వీపు మీద వెలుతురుకు మెరిసే పట్టీ అంటించుకుంటే దీక్షకు లోటేమీ రాదు. పాదయాత్ర చేసేవాళ్లు ఎదురుగా వచ్చే బండ్లు కనిపించే వైపు, అంటే రోడ్డుకు కుడిపక్కన, ఒక్క వరుసలో నడవాలి. చెప్పులు లేని పాదాలకు వాననీళ్లలో గాయమైతే సబ్బుతో కడిగి కట్టు కట్టండి. బురదనీటి నుండి ఎలుక జ్వరం పుండు గుండా లోపలికి వస్తుంది. ఇంటికి వెళ్లాక రెండు మూడు వారాల్లోగా జ్వరం వస్తే ఎక్కడెక్కడ నడిచారో డాక్టరుకు చెప్పండి.

బస్సులో గ్యాస్ బండ పెట్టుకోవద్దు. ఇది చెబితే తెలుగు బృందాలకు కష్టం అనిపిస్తుందని తెలుసు, మన వంట మనం వండుకోకపోతే యాత్ర యాత్రలా ఉండదు. కానీ 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున మదురై స్టేషన్లో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో సిలిండర్ వల్ల మంటలు లేచి 9 మంది చనిపోయారు. వాళ్లూ లక్నో నుండి దేవుళ్లను చూసుకోవడానికి వచ్చినవాళ్లే. దారి పొడుగునా అన్నదానాలు ఉన్నాయి, శాకాహార హోటళ్లు ఉన్నాయి. బండిలో కర్పూరం, అగరుబత్తి కూడా వెలిగించకండి. ఇరుముడిలో నెయ్యి, కర్పూరం, బట్ట అన్నీ అంటుకునేవే, ఒక్క నిప్పురవ్వ చాలు.

మాల వేసుకున్నాం కదా అని బీపీ, షుగరు, గుండె మాత్రలు ఆపకూడదు. పంబ నుండి నీలిమల, అప్పాచిమేడు ఎక్కుడు ఆరోగ్యవంతులకే ఆయాసం తెప్పిస్తుంది. నెల ముందు నుండి రోజూ నడవండి. ఎక్కేటప్పుడు ఛాతీలో బరువు, ఎడమచెయ్యి లాగడం, చెమటలు వస్తే శరణం చెబుతూ ముందుకు పోవద్దు. ఆగి కూర్చోండి, దారిలో వైద్య కేంద్రాలు ఉన్నాయి. పంబలో మునిగేటప్పుడు ముక్కు మూసుకోండి, కేరళలో ఈమధ్య ఏళ్లలో వచ్చిన అమీబా మెదడువాపు జ్వరం ముఖ్యంగా ముక్కులోకి పోయిన నీటితో సోకుతుంది.

ఇక గుంపు. 2011 జనవరి 14న శబరిమల దగ్గరి పుల్లుమేడులో జ్యోతి చూసి తిరిగి వస్తూ తొక్కిసలాటలో వందమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందులో తమిళులు, కన్నడిగులు, తెలుగువాళ్లు అందరూ ఉన్నారు. జ్యోతి కనబడిన వెంటనే అందరితో పాటు కదలకండి. ఒక గంట కూర్చుని గుంపు పలచబడ్డాక దిగండి. గుంపులో చిక్కితే రెండు చేతులు ఛాతీ ముందు అడ్డం పెట్టుకుని ఊపిరికి చోటు ఉంచుకోండి, ఎదురు తోయకుండా ఏటవాలుగా అంచుకు జరగండి, కింద పడిన వస్తువు కోసం వంగకండి. చిన్నపిల్లలైన మణికంఠస్వాముల చేతికి పంబ దగ్గర పోలీసులు కట్టే పట్టీ తప్పక కట్టించండి, జేబులో గురుస్వామి ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి.

దీపం, మంట

తెలుగు కార్తిక పౌర్ణమి, తమిళ కార్తికై దీపం ఒకే రోజు రావాలని లేదు. 2025లో మనది నవంబర్ 5న వస్తే, వీళ్లది డిసెంబర్ 3న వచ్చింది. మనం జ్వాలాతోరణం వెలిగించినట్టే ఇక్కడ గుడి ముందు తాటాకులు కట్టిన మాను నిలబెట్టి చొక్కప్పనై అంటిస్తారు. ఎండిన తాటాకు ఒక్కసారిగా భగ్గుమంటుంది, గాలి ఎటు తిరిగితే నిప్పురవ్వలు అటు పడతాయి. గాలి వస్తున్న వైపు, మాను ఎత్తుకు రెండింతల దూరంలో నిలబడండి. నైలాన్ చీరలు వద్దు, నూలుబట్ట కట్టుకోండి. కాలిన బొగ్గును బొట్టుకని చేత్తో తీయడం చల్లారాకే. తెల్లవారుజామున అరటిదొప్పల్లో దీపాలు వదిలే ఆడవాళ్లు ఏట్లోకి దిగకుండా మెట్టు మీదే కూర్చుని వదలండి, కొంగు బొడ్లో దోపుకోండి, పక్కన ఒకరు తోడుండాలి. వరాహ నదిలో నీరు ఎర్రగా ఉంటే ఆ రోజుకు దీపం తులసికోట దగ్గర పెట్టినా పుణ్యం తగ్గదు.

మనం ఇన్ని పూజల్లో వాడే బంతిపువ్వు పుట్టిల్లు మెక్సికో. అక్కడివాళ్లు ఏటా నవంబర్ 1, 2 తేదీల్లో చనిపోయిన తమవాళ్ల సమాధుల మీద ఆ బంతిపూలే పరిచి, రాత్రంతా కొవ్వొత్తులు వెలిగించి కూర్చుంటారు. ఆ పువ్వు, ఆ దీపం చూస్తే మనవాళ్లే అనిపిస్తుంది. బాణసంచా ఇష్టమూ మనలాంటిదే. 2016 డిసెంబర్ 20న, క్రిస్మస్ కొనుగోళ్ల వేళ, మెక్సికో నగరం దగ్గరి తుల్తెపెక్‌లో బాణసంచా అంగడి పేలి 40 మందికి పైగా చనిపోయారు. మనకు శివకాశి దగ్గర. చౌకగా వస్తాయని తిరుగు ప్రయాణంలో బస్సు డిక్కీ నిండా టపాసులు వేసుకుపోయే అలవాటు ఉంది. దయచేసి ఆ పని చేయకండి. ఇంజను వేడి, ఒక కుదుపు, ఎవరో పారేసిన బీడీ ముక్క చాలు, 40 మంది ఉన్న బస్సు అది.

ఉరుము గురించి ఒక్క లెక్క గుర్తుంచుకోండి. మెరుపుకూ ఉరుముకూ మధ్య 3 సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు అంకెలకే ఉరుము వినబడితే పిడుగు మీదాకా రాగలదు, వెంటనే ఇంట్లోకో మూసిన కారులోకో వెళ్లండి. చివరి ఉరుము తరువాత అరగంట ఆగి బయటికి రండి. మా ఊరి మామిడితోపులు ఎంత చల్లగా ఉన్నా ఆ వేళ చెట్టు కింద నిలబడకండి. ఫోనులో దామిని యాప్ ఉంటే దగ్గరలో పడే పిడుగుల జాడ తెలుస్తుంది.

బయల్దేరేముందు ఈ నంబర్లు కాగితం మీద రాసి బస్సు అద్దానికి అంటించండి: ఏ ఆపదకైనా 112, అంబులెన్సుకు 108, జిల్లా విపత్తు కేంద్రానికి 1077. పెరియకుళంలో జిల్లా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, తేని ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి ఆండిపట్టి దారిలో క. విలక్కు దగ్గర ఉంది. పాము కరిస్తే కట్లు, కోతలు, నాటువైద్యం వద్దు, కాలు కదపనివ్వకుండా నేరుగా ఈ రెండిట్లో దగ్గరున్న ఆసుపత్రికి తీసుకుపోండి. తమిళం రాకపోయినా ఊరిపేరు, దగ్గర్లోని కిలోమీటరు రాయి మీది అంకె చెప్పగలిగితే అంబులెన్సు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది. అందుకని ఘాట్ ఎక్కేటప్పుడు కిటికీ పక్కన కూర్చున్న స్వామికి ఆ రాళ్లు చూస్తూ ఉండే పని అప్పగించండి.